మరియమ్మ ముఖాన మామిడి సొన

పటాన్ని పాత దుప్పట్లో చుట్టి, బైకు వెనక సీటుకి అడ్డంగా కట్టుకుని తెచ్చారు మాస్టారు. మా పల్లెలో నేను చదువుకున్న బడికి ఇప్పుడు ఆయనే హెడ్మాస్టరు. నలభై కూడా నిండి ఉండవు. బడికి జూబిలీ చేస్తున్నారట, పాత గది పడగొట్టేముందు అటక మీద సామాను దింపితే ఇది బయటపడిందట. ఆ గదిలో చదివినవాళ్ళలో బతికున్న పెద్దదాన్ని నేనే కాబట్టి నా చేత నాలుగు మాటలు చెప్పించుకుందామని ముసునూరు అవతల నుంచి నూజివీడు దాకా ఎండలో వచ్చారు. మజ్జిగ ఇచ్చాను. మోకాళ్ళు సహకరించి ఉంటే ఆయన దుప్పటి విప్పేలోపే ఏదో పని చెప్పి లోపలికి పోయేదాన్ని.

విప్పగానే ముందు వాసన వచ్చింది. గుడ్డకి అంటించిన పాత కాగితం, ఎలుకల కంపు, వాటి అడుగున ఎక్కడో మామిడి సొన ఘాటు. ఇన్నేళ్ళ తరవాత సొన వాసన మిగలదని నాకూ తెలుసు. ముక్కుకి ఎవరు చెప్పాలి?

"చూడండి టీచర్ గారూ, ఎంత బాగుందో. ఇంగ్లండులో అచ్చేసిన ప్రపంచ పటం. ఫ్రేము కట్టించి కొత్త హాల్లో ఎదురుగుండా పెడదామనుకుంటున్నామండి. ఈ ఒక్క మరకే అడ్డం," అని కింది అంచున నల్లగా కమిలిపోయిన చోటు చూపించారు. బెజవాడలో పాత బొమ్మలు బాగుచేసే ఒకాయన ఉన్నాడట, మరక మాయం చేసేస్తానన్నాడట. నన్ను పటం పక్కన కూర్చోబెట్టి ఫోనులో ఫొటో కూడా తీసుకున్నారు. నేను మరక వంక చూడలేదు. దాని పక్కన, బుట్ట ఎత్తి పట్టుకుని మోకాళ్ళ మీద ఉన్న నల్లటి ఆడమనిషిని చూశాను. ఆమె నుదురు ఉండాల్సిన చోట కాగితం అరిగిపోయి గుడ్డ పోగులు తేలాయి.

మా పల్లెకి బడీ గుడీ ఒకటే గది. తాటాకు కప్పు, మట్టి గోడలు. వారంలో ఆరు రోజులు అక్షరాలు, ఆదివారం జపమాల. పాఠం చెప్పేదీ ప్రార్థన చెప్పించేదీ ఒక్కరే, ఉపదేశి గారు. నెలకోసారి నూజివీడు నుంచి ఫాదరు గారు సైకిలు మీద వచ్చి పూజ చేసి వెళ్ళేవారు. తూర్పు గోడకి చెక్క సిలువ, దాని పక్కనే ఈ పటం. తెల్లవాళ్ళు దేశం వదిలాక పుట్టినదాన్ని నేను. పోతూ పోతూ వాళ్ళు పటాన్ని పట్టుకుపోలేదు. దాని స్థానంలో కొత్తది పంపాలని ఇక్కడివాళ్ళకీ తోచలేదు.

పటంలో చాలా దేశాలకి ఒకటే గులాబీ రంగు. అవన్నీ ఒక్క రాణిగారివని చెప్పేవారు. పై అంచున అయిదు ముఖాలు వరసగా ఉండేవి. మొదటిది తెల్లది, చివరిది నల్లది, మధ్యలో మిగతా మూడు రంగులు. ఒక్కో ముఖం కింద ఒక్కో మాట. ఉపదేశి గారు బెత్తం కొసతో ముట్టించేవారు, మేము ఎక్కాలు అప్పజెప్పినట్టు అరిచేవాళ్ళం. నాగరికులు, సగం నాగరికులు, మోటువాళ్ళు, అనాగరికులు, అడవి మనుషులు. ఆఫ్రికా ఖండంలో ఊళ్ళ పేర్లు ఉండాల్సిన చోట ఒక సింహం, ఒక ఏనుగు గీశారు. అక్కడ మనుషులుండరా అండీ అని ఒకసారి అడిగాను. ఉంటారు గానీ పటంలోకి ఎక్కేంతవాళ్ళు కాదన్నారు. ఆయన చెడ్డవారు కాదు. నా చెయ్యి పట్టుకుని పలక మీద ఓనమాలు దిద్దించిన మనిషి. ఆయన రంగూ ఆ వరసలో చివరిదే. తనకి ఎవరో నేర్పింది మాకు నేర్పారు, అంతే.

మా ఊరు పటంలో లేదు. కృష్ణ సముద్రంలో కలిసే చోటుకి కాస్త పైన బెత్తం ఆనించి "మనం ఇక్కడ" అనేవారు. అలా ఏళ్ళ తరబడి ఆనించగా ఆనించగా అక్కడ చిల్లు పడింది. అందులోంచి గోడ సున్నం కనపడేది. అదే మా ఊరనుకుని చిటికెన వేలు దూర్చి చూసేవాళ్ళం.

వేసవి వస్తే మా కాపురం తోటల్లోనే. పెద్దవాళ్ళు చిక్కం కట్టిన గెడలతో కాయ కోస్తుంటే పిల్లలం కిందకి చేరవేసి, తొడిమ విరిచి, సొన కారిపోయేలా గడ్డి మీద బోర్లించేవాళ్ళం. సొన చెంపకి చిందితే పుండు, చేతులకి అంటితే నలుపు. బూడిదతో తోమినా కిరసనాయిలుతో రుద్దినా వానలు పడేదాకా పోదు. మధ్యాహ్నం చెట్టు నీడన జొన్నన్నం, ఎండు మెత్తళ్ళు వేసి వండిన మామిడికాయ కూర. ఆ కూర ఇప్పుడూ వండుకుంటాను. పులుపు వస్తుంది గానీ ఆ ఆకలి రాదు.

తిన్నాక బొమ్మలాట ఆడేవాళ్ళం. పటంలో అయిదు ముఖాలున్నాయి కదా, చేతులు పక్కపక్కన పెట్టి ఎవరు ఎన్నో బొమ్మో తేల్చుకోవడం. మా పిన్ని కూతురు మూడో బొమ్మ. అందుకని దానికి రెండు మామిడి ముక్కలు ఎక్కువ. నేను నీడలో చూసినా ఎండలో చూసినా అయిదో బొమ్మనే. కొన్నాళ్ళకి నా పేరు పోయి అదే పేరయింది. నాకు అంతుపట్టనిది ఒకటుండేది. తోట కామందు గారు నాకంటే నలుపు. ఆయన ఎన్నో బొమ్మ అని అడిగితే మా పిన్ని కూతురు గభాలున నా నోరు మూసింది. ఊళ్ళో ఉండే రైతు, మంచం మీద కూర్చుని కోత చూస్తున్న మనిషి, ఆయనకి బొమ్మల లెక్క వర్తించదట. దొరల పటం కింద మాకు అంతకు ముందునుంచీ ఇంకో పటం ఉందని అప్పుడు తెలియలేదు. దాన్ని ఏ గోడకీ వేలాడదియ్యక్కర్లేదు.

మరియమ్మ సంగతికి వస్తాను. పటం కింది అంచున పెద్ద బొమ్మ ఒకటి. ఎత్తైన ఆసనం మీద తెల్లటి దొరసాని, పొడవాటి తెల్లంగీ, తలకి కిరీటం, చేతిలో పొడుగాటి కర్ర, కాళ్ళ దగ్గర సింహం. చుట్టూ రకరకాల రంగుల మనుషులు మోకాళ్ళ మీద, ఏనుగు దంతాలూ మూటలూ పళ్ళూ పట్టుకుని. మా మామ్మ, అంటే మా నాన్నను కన్నతల్లి, ఆ దొరసాని మరియమ్మ తల్లేనని తేల్చేసింది. ఆమెని తప్పు పట్టడానికి లేదు. జన్మలో ఒక్కసారి గుణదల కొండకి వెళ్ళింది. అక్కడ చూసిన తల్లికీ తెల్లంగీ, కిరీటమే. మరి కర్ర? గొల్లలు వచ్చి చూసి, ఇచ్చి పోయారు. సింహం? దానియేలుని ముట్టకుండా వదిలేసిన సింహం అదే. మోకాళ్ళ మీద ఉన్నది తూర్పు దేశపు జ్ఞానులు. జ్ఞానులు ముగ్గురే కదా, ఇక్కడ పదిమంది ఉన్నారేంటి అని అడిగితే, అంత పెద్దోళ్ళు ప్రయాణం పెట్టుకుంటే మూటలు మొయ్యడానికి మనబోటోళ్ళు వెనకాల రారేంటే అంది. ఆమె దగ్గర జవాబు లేని ప్రశ్న నేనెప్పుడూ వెయ్యలేకపోయాను. సిలువ పక్కన ఉన్నది దేవుడికి సంబంధించింది కాకుండా ఎలా పోతుందని పల్లెలో ఆడవాళ్ళందరూ నమ్మారు. ఉపదేశి గారు ఒకటి రెండు సార్లు నచ్చజెప్పబోయి, మామ్మ నోటికి జడిసి ఊరుకున్నారు.

దాంతో ఒక ఆచారం పుట్టింది. కోత మొదలయ్యాక గడ్డిలో మాగేసిన కాయల్లో మొట్టమొదట పండిన చిన్నరసం ఎవరూ నోట పెట్టకూడదు. కడిగి, పటం కింద పీట మీద పెట్టాలి. పెట్టేది మామ్మే. గదంతా పండు వాసన నిండిపోయేది. జపమాల నడుస్తుంటే పిల్లలందరి నోళ్ళూ ఊరేవి. ఒక ఏడు నేను ఆ పండుకి వెనకవైపు చిల్లు పొడిచి రసమంతా పీల్చేసి, తొక్కని ఉబ్బించి మళ్ళీ అలాగే నిలబెట్టాను. చీమలు చేరాయి. నేరం చీమల మీదికి పోయింది. నేను చేసినదానికి వేరొకరు మాటపడటం అలా మొదలైంది.

ఇదికాక, ప్రతి సాయంత్రం తోట నుంచి వస్తూ మామ్మ బడి గదిలోకి వెళ్ళేది. అంచున ఉన్న బుట్ట మనిషి నుదుటిని వేలితో తాకి, ఆ వేలు తన నుదుటికి ఆనించుకునేది. దొరసానిని మాత్రం ముట్టుకునేది కాదు. అంత చనువు లేదు.

ఆరో తరగతికి నన్ను నూజివీడులో సిస్టర్ల హాస్టల్లో వేశారు. మా పల్లెలో ఆడపిల్ల హైస్కూలు గడప తొక్కడం అదే మొదలు. ఏడాదంతా ఇంగ్లీషు అక్షరాలతో కుస్తీ పట్టి, వేసవికి ఇంటికి వచ్చాను. వచ్చిన మర్నాడే పటం దగ్గరికి పోయి, చేతిలో అట్ట ఊడిన డిక్షనరీ పట్టుకుని చిన్న అక్షరాలు కూడబలుక్కున్నాను. నాలుగు రోజులు పట్టింది. దొరసాని కింద రాసిన మాటలకి నాకు తెలిసిన అర్థం ఇది: సామ్రాజ్యం తన పాలనలోని తక్కువ జాతుల కానుకలు స్వీకరిస్తోంది. తక్కువ జాతులు అన్న చోట డిక్షనరీ మూడుసార్లు తిప్పాను, నేనే ఏదో పొరబడ్డానేమోనని.

పరుగున ఇంటికి పోయాను. మామ్మ వాకిట్లో చాప పరిచి తాండ్ర పోస్తోంది. ఆవిడ మరియమ్మ కాదని, దొరల రాజ్యానికి వేసిన బొమ్మ అని, మనల్ని తక్కువ జాతి అని కింద రాశారని ఏకబిగిన చెప్పేశాను. మామ్మ రసం పరిచే చెయ్యి ఆపలేదు.

"రాస్తే రాశార్లే. నువ్వు బొమ్మ చూడు. ఆ పిల్ల చేతిలో బుట్ట ఆ తల్లి పుచ్చుకుంటంది. నా చేతిలోది అట్టా పుచ్చుకునేవోళ్ళు ఈ ఊళ్ళో ఎవరన్నా ఉన్నారటే?"

ఆమె కోసిన కాయ రైలెక్కి ఎంత దూరమో పోయేది. ఆమె ముంచి ఇచ్చిన నీళ్ళు కామందు గారింట్లో ఎవరూ తాగరు. ఆమె కూలి డబ్బులు అరుగు మీద పెట్టేవారు, చేతిలో పెట్టేవారు కాదు.

మళ్ళీ బడికి పోయి ముక్కు తగిలేంత దగ్గరగా చూశాను. దొరసాని బుట్ట పుచ్చుకోవడం లేదు. ఒక చెయ్యి కర్ర మీద ఉంది, ఒక చెయ్యి సింహం తల మీద ఉంది. ఆవిడ చూపు మోకాళ్ళ మీద ఉన్న ఎవరి మీదా లేదు, అందరి నెత్తుల మీదుగా ఎక్కడికో పోతోంది. మామ్మకి శుక్లాలు, అంత సన్నగా కనపడేది కాదు. తనకి కావలసింది తను చూసుకుంది.

అప్పుడు వచ్చిన కోపం లాంటిది నాకు మళ్ళీ రాలేదు. ఈ వయసులో కోపం తెచ్చుకోవాలన్నా ఓపిక కావాలి. అప్పుడు ఓపికకి లోటు లేదు. తోటకి పోయి, పచ్చి కాయలు నాలుగు తొడిమలు విరిచి, ఆకు దొప్పలోకి సొన పట్టాను. గదిలో ఎవరూ లేరు. పీట ఎక్కి, పుల్లకి గుడ్డ చుట్టి, దొరసాని ముఖానికి, కిరీటానికి, సింహం తల మీది చేతికి పూసేశాను. అప్పటికి నీళ్ళలా ఉంది, ఏమీ కనపడలేదు. కనపడనందుకు ఇంకో పూత వేశాను.

ఆదివారానికి అది నల్లబడింది. పల్లెంతా జపమాలకి వచ్చి కూర్చుంది. ముందు ఎవరు చూశారో గుర్తు లేదు గానీ ఆడవాళ్ళలో ఏడుపు లేచింది. తల్లి ముఖం కాలిపోయిందన్నారు, అరిష్టమన్నారు. ఉపదేశి గారు వంగి వాసన చూసి, ఇది సొన, ఎవరు చేశారో లేచి నిలబడమన్నారు. బెత్తం గోడకే ఉంది. నేను చాప అంచు పీకుతూ కూర్చున్నాను. నేనే అని చెప్పి, ఎందుకు చేశానో కూడా చెప్పి, ఆ అక్షరాలు అందరికీ చదివి వినిపించాలని అనుకున్నాను. గొంతు దాకా వచ్చింది కూడా.

ఇంతలో మామ్మ లేచింది.

"నాదే తప్పయ్యా. రోజూ సొన చేతులతో వచ్చి ముట్టుకుంటన్నాను. ఆ పిల్లనే ముట్టుకున్నాననుకున్నాను. కళ్ళు ఆనక తల్లికి తగిలినట్టుంది. ఈ పాడు చేతులే చేశాయి."

అని రెండు చేతులూ ముందుకి చాపి అందరికీ చూపించింది. సొనకి నల్లబడి, వేళ్ళ సందుల్లో పగిలిపోయిన చేతులు. పల్లెలో ఆడవాళ్ళందరి చేతులూ అవే. అయినా అందరూ అవి కొత్తగా చూస్తున్నట్టు చూశారు. ఉపదేశి గారు మూడు జపమాలలు ఎక్కువ చెప్పుకోమన్నారు. నేను నోరు విప్పలేదు. బెత్తానికి భయపడ్డానని చాలా ఏళ్ళు నాకు నేను చెప్పుకున్నాను. అది అబద్ధం. పల్లెలో ఇంగ్లీషు చదివిన ఒక్కగానొక్క పిల్లని, అందరూ నన్ను చూసి మురిసిపోతున్నారు, ఆ మురిపెం పోతుందని భయపడ్డాను.

ఆ సాయంత్రం మామ్మ నూతి దగ్గర కూర్చుని, బూడిద పెట్టి, కొబ్బరి పీచుతో చేతులు తోముకుంది. తొక్క లేచి నెత్తురు వచ్చేదాకా తోముకుంది. నేను చేద వేసి నీళ్ళు తోడి పోశాను. నీళ్ళు పోస్తూ కూడా చెప్పలేదు.

ఆ తరవాత ఆమె బుట్ట మనిషిని ముట్టుకోలేదు. సాయంత్రం గదిలోకి వచ్చేది, చేతులు రెండూ వెనక్కి కట్టుకుని గుమ్మం దగ్గరే నిలబడి చూసి వెళ్ళేది. ఊళ్ళో కామందుల అరుగుల ముందు ఎలా నిలబడేదో అలాగే. పల్లెలో తనకంటూ ఒక్క చోట ఆమె చెయ్యి స్వేచ్ఛగా చాచేది, ఆ చోటు నేను తీసేశాను. తక్కువ అని పటంలో రాసి ఉంటే ఆమె చదవలేదు, లెక్కచెయ్యలేదు. చదవగలిగిన నేను ఆమె చేత అది నమ్మించాను.

మరుసటి ఏడు మొదటి పండు మాగింది. మామ్మ దాన్ని కడిగి, తుడిచి, నా చేతిలో పెట్టింది.

"నువ్వు పెట్టవే. నీయి చదువుకున్న చేతులు. శుభ్రమైనయ్యి."

పెట్టాను. ఆ తరవాత ఆమె బతికున్నన్నాళ్ళూ నేనే పెట్టాను. ఆ ఏటి నుంచి పండు ఒక్కటీ నేను తినలేకపోయాను అంటే అతిశయోక్తి అవుతుంది, తిన్నాను, చిన్నరసం ముందు ఎవరి పశ్చాత్తాపం నిలుస్తుంది? కానీ తింటున్నప్పుడు మామ్మ వంక చూడలేదు. నేను ట్రైనింగులో ఉండగా ఆమె పోయింది. పెట్టెలో పెట్టినప్పుడు చేతులు గుండెల మీద కలిపి జపమాల చుట్టారు. వేసవి కాదు కాబట్టి చేతులు శుభ్రంగానే ఉన్నాయి.

తరవాత నేను టీచరునయ్యాను. ఆగిరిపల్లిలో, చాట్రాయిలో, ఎక్కడ వేస్తే అక్కడ సోషలు చెప్పాను. ఖండాల పాఠం వచ్చినప్పుడల్లా పటం బల్ల మీద పడేసి, బోర్డు మీద సుద్దతో నేనే గీసుకునేదాన్ని. అన్నిటికీ ఒకటే తెల్ల సుద్ద. ఆఫ్రికా దగ్గర ముందు ఊళ్ళ పేర్లు రాయించేదాన్ని. పిల్లలు రాసేవాళ్ళు, పరీక్ష అయ్యాక మర్చిపోయేవాళ్ళు. అదే పిల్లలు పెద్దవాళ్ళై పెళ్ళి సంబంధాల కాగితంలో పిల్ల తెలుపు అని మొదటి వరసలో రాయిస్తుంటే చూశాను. చెప్పి చెప్పి అలసిపోయానండీ. గోడ మీంచి ఒక్క పటం దించడానికే ఎన్నేళ్ళో పట్టింది.

మాస్టారు మజ్జిగ తాగి గ్లాసు కింద పెట్టారు. దీని మీద ఏం రాసుందో చదివారా అని అడిగాను. చిన్న అక్షరాలండి, చూడలేదన్నారు. నా కళ్ళద్దాలు ఇచ్చి పైకి చదవమన్నాను. అయిదు ముఖాల దగ్గర మొదలుపెట్టి దొరసాని కింది వాక్యం దాకా చదివారు. చదువుతున్నకొద్దీ గొంతు తగ్గిపోయింది.

"అప్పట్లో అలా అనుకునేవాళ్ళేమోనండి," అన్నారు.

నేను ఆయన ఫోను అడిగి తీసుకుని ఇందాకటి ఫొటో చూపించాను. ఆయన ఏ మీటా నొక్కలేదు, ఫోనే నా ముఖాన్ని తెల్లగా తేల్చింది. పక్కనే ఉన్న నా చెయ్యి మాత్రం దాని రంగులోనే ఉంది. డెబ్భై దాటాక అయిదో బొమ్మని రెండో బొమ్మ చేశారు మాస్టారూ అన్నాను. ఆయనకి సగమే అర్థమైంది. మిగతా సగం చెప్పాను. చీమలు పట్టిన పండు దగ్గర నుంచి నూతి దగ్గర బూడిద దాకా అంతా చెప్పాను. ఒక మనిషికి ఇది చెప్పడం నాకు ఇదే మొదలు. మధ్యలో మంచినీళ్ళు ఆయనే తెచ్చి ఇచ్చారు.

అయితే దీన్ని తగలబెట్టేద్దామా టీచర్ గారూ అన్నారు.

వద్దన్నాను. హాల్లో ఎదురుగా వద్దు, తరగతి గదిలో పెట్టండి. ఆ అక్షరాలన్నీ తెలుగులో రాసి పక్కన అంటించి, పిల్లల చేత చదివించండి. మేము చదవకుండా అరిచాం, వాళ్ళు అరవకుండా చదవాలి. మరక తీయించొద్దు. బెజవాడ ఆయనకి చెప్పండి, ఆ ముఖం అలాగే ఉండాలి. ఇంకొక్క మాట, మరక కింద ఒక చీటీ పెట్టాలి అన్నాను. చెప్పండి రాసుకుంటానని మాస్టారు జేబులోంచి పెన్ను తీశారు. జూబిలీ ఆహ్వానం కాగితం వెనక్కి తిప్పారు.

"ఈ మరక మా మామ్మ చేతులది కాదు. ఆమె చేతులు ఏ తప్పూ చెయ్యలేదు. ఇది నేను చేశాను."

రాసుకున్నారు. రాసి, కింద ఎవరి పేరు పెట్టమంటారు, మీ పూర్తి పేరు పెట్టనా అని అడిగారు.

నేను ముందుకి వంగి, బుట్ట మనిషి నుదుటి మీద అరిగిపోయిన చోట వేలు ఆనించాను.

"మనవరాలు అని పెట్టండి మాస్టారూ. ఆమెకి తెలుస్తుంది."